అభ్యంతరం బాబాయ్

అభ్యంతరం బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఆయన దేనికీ ఒప్పుకోడు. కోప్పడడు, గొంతు పెంచడు, వాదించడు కూడా. అందరూ తలలూపేసి, హమ్మయ్య అయిపోయింది, ఇక లేద్దాం అనుకునే సమయానికి వెనక కుర్చీలోంచి ఒక చెయ్యి నెమ్మదిగా పైకి లేస్తుంది. గొంతు సవరించుకున్న చప్పుడవుతుంది. "నాకింకా మనసొప్పలేదమ్మా." అంతే! లేచినవాళ్ళు లేచినట్టే కూలబడతారు.

ఇంకెక్కడైనా అయితే ఇలాంటి మనిషిని దాటుకుని పోవచ్చు. ఇది మెన్నోనైటు పరిశోధక విద్యార్థుల వారాంతపు కూడిక. మెన్నోనైట్లంటే క్రైస్తవుల్లో ఒక శాఖ. ఆయుధం పట్టరు, ఒట్టు పెట్టరు, చాలామంది పాటకి వాయిద్యం కూడా వాడరు, పై నుంచి కింది దాకా నాలుగు స్థాయిల గొంతులు కలిపి పాడేస్తారు. ఈ కూడికలో అయితే ఓటు మాటెత్తితేనే పెద్దలు చెవులు మూసుకుంటారు. ఓటేస్తే ఓడినవాళ్ళుంటారు, ఓడినవాళ్ళుంటే అది చిన్న సైజు యుద్ధమే కదా అంటారు. కాబట్టి ఏ సంగతైనా చివరి మనిషి దాకా అందరి మనసూ ఒప్పాల్సిందే. వినడానికి ఎంత బావుందో! ఆ చివరి మనిషి అభ్యంతరం బాబాయ్ కాకపోయుంటే ఇంకా బావుండేది.

ఆయన అభ్యంతరాలకి పెద్దా చిన్నా తేడా లేదు. ఒకసారి సాయంత్రం టీని అరగంట వెనక్కి జరుపుదామన్నారు. మనసొప్పలేదు. దాని మీద మాట్లాడుతుండగానే ఆ అరగంటా గడిచిపోయింది. ఇంకోసారి కాలు విరిగిన కుర్చీని పారేద్దామన్నారు. మనసొప్పలేదు. "ఇన్నేళ్ళు మనల్ని మోసింది, ఒక్క కాలు పోతే గెంటేస్తామా?" అన్నాడు. ఆ కుర్చీ ఇప్పటికీ గోడకి ఆనుకుని ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరు, దాన్ని ఎవరూ తియ్యరు.

ఇక పాటల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆకలి దంచేస్తున్నప్పుడు ఎవరైనా "మూడో చరణం వదిలేద్దాం" అన్నారో, ఆయన చెయ్యి తయారు.

"మూడో చరణం ఏం పాపం చేసిందమ్మా?"

ఏ పాపమూ చెయ్యలేదు కాబట్టి అందరూ కడుపులు పట్టుకుని మూడో చరణం కూడా పాడేవారు.

కొట్టుకోని మనుషుల మధ్య గొడవ వస్తే అది తొందరగా తెమలదు. కొట్టుకునేవాళ్ళకి కనీసం అలుపొస్తుంది. అందుకని ఎవరో పాతకాలపు పెద్దాయన విసిగిపోయి ఒక కట్టుబాటు పెట్టాడు. ఏ ఇద్దరికి పొసగకపోతే ఆ ఇద్దరూ భోజనాలయ్యాక వంటింటి తొట్టి దగ్గర నిలబడి అందరి గిన్నెలూ కడగాలి. ఒకరు కడగాలి, ఒకరు తుడవాలి. పని అయ్యేదాకా మూడో మనిషి లోపలికి రాకూడదు. గిన్నెలు పూర్తయ్యేసరికి ఎవరో ఒకరు మెత్తబడతారని ఆయన నమ్మకం. ఎవరూ మెత్తబడకపోతే చేతులైనా మెత్తబడతాయి. అభ్యంతరం బాబాయ్ ఈ కూడికకి వచ్చేటప్పుడు బైబిలు, గొడుగు, దాంతోపాటు సొంత ఏప్రను తెచ్చుకుంటాడు. వంటావిడకి ఆయనంటే ప్రాణం.

ఈసారి కూడికకి సమాధులమ్మాయి వచ్చింది పనిచెయ్యడానికి కాదు, సెలవు తీసుకోవడానికి.

అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవరు, వాళ్ళ పరిశోధన పేరుతో పిలుస్తారు. కూడిక నడిపే ఆవిడ పాత బావుల మీద పనిచేసింది కాబట్టి బావులక్క. వంతెనల మీద రాస్తున్నవాడు వంతెనలన్న. ఈ అమ్మాయి పాత సమాధుల మీద చెక్కిన మాటల్ని ఎత్తి రాసుకుంటుంది, దాంతో సమాధులమ్మాయి అయిపోయింది. "ఆ పేరుతో పెళ్ళి సంబంధం వస్తుందా!" అని వాళ్ళమ్మ మొదట్లో లబలబలాడింది. తరవాత అలవాటు పడింది. అభ్యంతరం బాబాయ్‌కి మాత్రం ఆయన పరిశోధన పేరు ఎందుకు లేదో అడగాలని ఆ అమ్మాయికి ఎప్పుడూ తట్టలేదు. చాలామంది ఆయన్ని కుర్చీలతోపాటు హాలుకి వచ్చిన మనిషే అనుకునేవారు.

శుక్రవారం నుంచే ముసురు పట్టింది. అతిథిగృహం గోడలు చెమ్మకి ఉబ్బిపోయాయి. తలుపులు ఒకసారి వేస్తే తెరుచుకోవు, తెరిస్తే మూసుకోవు. వచ్చినవాళ్ళకంటే ఖాళీ కుర్చీలే ఎక్కువ. ఒకప్పుడు ఈ హాల్లో నిలబడ్డానికి చోటుండేది కాదట. నాలుగు గొంతుల పాటలో అన్నిటికంటే కిందుండే అడుగు గొంతు పాడడానికి వంతెనలన్న ఒక్కడే మిగిలాడు, వాడికేమో జలుబు. వాడు తుమ్మినప్పుడల్లా పాటకి పునాది కదిలిపోయేది. సమాధులమ్మాయి కిటికీ పక్కన కూర్చుని, వెళ్ళిపోవడానికి ఇంతకంటే అనువైన వాతావరణం ఉండదనుకుంది. మనసంతా ఆ గోడల్లాగే నాని ఉంది.

శనివారం పొద్దున వేడి టీ కప్పులు చేతుల్లో ఉండగా లేచి నిలబడింది. ఈ కూడికలో సెలవు తీసుకోవడానికి ఒక పద్ధతుంది. మానేస్తున్నవాళ్ళు అందరి ముందూ చెప్పాలి, అందరూ ఒప్పుకోవాలి, ఒక పాట పాడి సాగనంపాలి.

"నేను పరిశోధన మానేస్తున్నాను," అంది. దారి పొడుగునా బట్టీపట్టిన మాటలు. "ఒక స్కూల్లో ఉద్యోగం వచ్చింది. మంచి అవకాశం. మీ అందరి ప్రేమకీ కృతజ్ఞురాలిని. దయచేసి నాకు సెలవిప్పించండి."

బావులక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నీకేది మంచిదైతే అదే చెయ్యమ్మా," అంది. వంతెనలన్న "మేమెప్పుడూ నీతోనే ఉంటాం," అని ముక్కు చీదాడు. తలలన్నీ ఊగాయి. ఎంత మంచివాళ్ళో! ఒక్కళ్ళు కూడా ఎందుకని అడగలేదు. అంత సులువుగా తేలిపోతుందని ఆమె అనుకోలేదు. తేలిక పడాల్సిన గుండె ఎందుకో గభాలున జారిపోయింది. పాట ఎత్తుకోబోతున్నారు.

వెనక కుర్చీలోంచి చెయ్యి లేచింది.

"నాకింకా మనసొప్పలేదమ్మా."

హాలంతా ఒక్కసారి మూలిగింది. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇది టీ వేళ కాదు బాబాయ్! నా జీవితం!"

"అందుకేనమ్మా," అన్నాడాయన.

కట్టుబాటు కట్టుబాటే. మధ్యాహ్నం భోజనాలవగానే ఇద్దరూ వంటింట్లో ఉన్నారు. బయట వాన, లోపల కొండలా పేరుకున్న గిన్నెలు. ఆయన ఏప్రను కట్టుకుని, చొక్కా చేతులు మడుచుకుని, పండగకొచ్చినవాడిలా తొట్టిలో నీళ్ళు వదిలాడు. ఆమె తువాలు పట్టుకుని మొహం గంటు పెట్టుకుంది.

సగం పళ్ళేలు అయ్యాయి. ఆయన నోరు మెదపలేదు. అడిగితే జవాబు చెప్పకూడదని ఆమె భీష్మించుకుంది గానీ, ఆయన అడిగితేగా!

చివరికి ఆమే తట్టుకోలేకపోయింది. "అసలు మీకేంటి బాబాయ్ నష్టం? అందరూ ఒప్పుకున్నారు కదా!"

"నాకేం నష్టం లేదు. నువ్వు చెప్పిన కారణం చాలా బావుంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు." ఆయన మాడిన గిన్నె అడుగు రుద్దుతూ అన్నాడు. "సమాధిరాయి మీద మాటల్లా ఉంది."

ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. సమాధిరాళ్ళ మాటలంటే ఏమిటో ఆమెకంటే తెలిసినవాళ్ళెవరు? ప్రేమగల తండ్రి, నమ్మకమైన భర్త, సద్గుణవతియైన భార్య. రాళ్ళని నమ్మితే ఈ భూమ్మీద చెడ్డ మొగుడనేవాడు ఒక్కడు కూడా చచ్చిపోలేదు. ఇన్నేళ్ళూ ఆ మాటల్ని ఎత్తి రాసుకుంటూ, తోటివాళ్ళకి చెప్పి నవ్విస్తూ వచ్చింది. పోయిన ఏడాది వాళ్ళ నాన్న చనిపోయాక ఆ నవ్వు పోయింది.

"నాన్నకి ఇంకా రాయి పెట్టలేదు బాబాయ్," అంది. అనాలని అనలేదు, వచ్చేసింది.

ఆయన కుళాయి కట్టేశాడు.

"రాయి కొన్నాం. చెక్కే మేస్త్రీకి ఇచ్చాం. దాని మీద ఏం రాయాలో చెప్పాల్సింది నేను. అమ్మ ప్రతి ఆదివారం అడుగుతుంది. ఏం రాద్దామే, చదువుకున్నదానివి, ఇదే కదా నీ చదువు అంటుంది. నాకేమో ఒక్క ముక్క రావడంలేదు. పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆగిపోతోంది. ఇప్పుడు ఏ సమాధి దగ్గరికెళ్ళినా అక్షరాలు కనపడ్డంలేదు, నాన్న రాయి ఒక్కటే కనిపిస్తోంది. అది ఖాళీగా మేస్త్రీ పెరట్లో పడుంది. దాని మీద మేస్త్రీ భార్య దుప్పట్లు ఉతుకుతోందట!"

చెబుతూనే ఏడ్చేసింది. దుప్పట్ల మాట దగ్గర ఏడుపులోంచే నవ్వొచ్చింది. ఆ రెండూ కలిస్తే మనిషి ఎంత అందవికారంగా ఉంటుందో! ఆయన చూడనట్టు ఒక గరిటె కడిగి అందించాడు.

"ఇప్పటిదాకా ఏమేం అనుకున్నావు?"

"ప్రేమగల తండ్రి."

"మనసొప్పలేదు."

"కష్టజీవి. లారీ నడిపేవాడు."

"లారీ నడిపేవాళ్ళందరూ కష్టజీవులే. మనసొప్పలేదు."

"ప్రభువునందు నిద్రించెను."

"బాగా నిద్రపోయేవాడా?"

"అయ్యో, నిద్రెక్కడ బాబాయ్! ఎప్పుడూ రోడ్డు మీదే. ఎప్పుడూ ఆలస్యమే. నా స్కూలు నాటకానికి ఆలస్యం, అక్క పెళ్ళికి ఆలస్యం. ఫోను చేసి ఎక్కడున్నావు నాన్నా అంటే ఒకటే మాట. 'వీధి చివర ఉన్నా.' ఆ వీధి చివర అంటే ఎక్కడో వేరే ఊరు! ఆ మాట నమ్మి అమ్మ వడ్డించేసేది. కంచం చల్లారిపోయేది, ఈయన జాడ ఉండేది కాదు. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. ఆఖరికి ఆసుపత్రి మంచం మీంచి కూడా, ఎలా ఉన్నావు నాన్నా అంటే, కంగారు పడకమ్మా, వీధి చివర..."

ఆమె ఆగిపోయింది. చేతిలో గరిటె, భుజం మీద తువాలు.

"వీధి చివర ఉన్నా," అంది మళ్ళీ, ఈసారి మెల్లగా.

అభ్యంతరం బాబాయ్ చేతిలో గిన్నె బోర్లించాడు. తరవాత తల ఊపాడు.

"దీనికి నా మనసొప్పింది," అన్నాడు.

ఆయన నోట ఆ మాట విన్న మొదటి మనిషి బహుశా తనే అయ్యుంటుంది. ఆ సాయంత్రం వరండాలో నిలబడి వాళ్ళమ్మకి ఫోను చేసింది. మాట చెప్పింది. కోపమొచ్చిందేమోనని భయపడింది.

"అమ్మా? బాలేదా?"

"ఆ మనిషి పైకి కూడా ఆలస్యంగానే చేరుంటాడే," అంది వాళ్ళమ్మ. నాన్న పోయాక ఆవిడ నవ్వడం వినడం అదే మొదటిసారి. "అక్కడా ఎవరో కంచం పెట్టుకుని కూర్చునుంటారు. పాపం. అదే రాయించు. పాస్టరుగారు ఏమంటారో మరి?"

"అభ్యంతరం చెబితే నా దగ్గర ఒకాయన ఉన్నాడులే అమ్మా."

ఆదివారం పొద్దున కూడా ముసురు విడవలేదు. ఆమె, బావులక్క కలిసి హాల్లో కుర్చీలు గుండ్రంగా వేస్తున్నారు. కాలు విరిగిన కుర్చీని దాటబోతూ ఆమె అడిగింది. "అక్కా, బాబాయ్ పరిశోధన దేని మీద?"

"నత్తలు."

ఆమెకి ఫక్కున నవ్వొచ్చింది. అన్నేళ్ళుగా ఈ కూడికని నత్తనడక నడిపించిన మనిషి నత్తల మీదే పనిచేశాడంటే నవ్వక ఏం చేస్తుంది?

"నవ్వు నవ్వు, పరవాలేదు. ఆయనా నవ్వేవాడు." బావులక్క కుర్చీ వేసి దాని మీదే కూర్చుంది. "నేను కొత్తగా వచ్చిన ఏడాది సంగతి. ఆయన ఇదే హాల్లో లేచి, మానేస్తున్నాను, సెలవిప్పించండి అన్నాడు. యూనివర్సిటీలో నత్తలెందుకయ్యా అన్నారట. ఇంట్లో భార్యకి జబ్బు. అవేవీ చెప్పలేదు. వేరే అవకాశం వచ్చిందన్నాడు. మనం మంచివాళ్ళం కదా, ఒక్కళ్ళం నోరెత్తలేదు. టీ చల్లారకముందే అందరం ఒప్పేసుకున్నాం. పాట కూడా పాడేశాం." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆకలేస్తోందని మూడో చరణం వదిలేసి."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"మరుసటి ఏడాది గొడుగేసుకుని మళ్ళీ వచ్చాడు. ఏం బాబాయ్ అంటే ఊరికేనమ్మా అన్నాడు. ఆ ఏడాది నేను లేచి, బావులు వదిలేస్తానన్నాను. అదిగో, అప్పుడు లేచింది మొదటిసారి ఆ చెయ్యి. ఆ వారాంతమంతా గిన్నెలు తోమించాడు నా చేత. తిట్టుకున్నాను, ఏడ్చాను, చివరికి బావుల దగ్గరికి తిరిగి వెళ్ళాను. వంతెనలన్నకీ అదే జరిగింది. వాడైతే ఒక పళ్ళెం బద్దలుకొట్టాడు కూడా."

"మరి టీ, కుర్చీ, అవన్నీ?"

"అవి సాధకమే, చెయ్యి తుప్పు పట్టకుండా!" అని నవ్వేసింది బావులక్క.

అందరూ వచ్చి కూర్చున్నారు. సమాధులమ్మాయి మళ్ళీ కిటికీ పక్కనే చోటు చూసుకుంది. నాన్న రాయి సంగతి తేలింది. మరి చదువు సంగతి? ఉద్యోగం నిజంగానే వచ్చింది. సోమవారం వాళ్ళకి మాట చెప్పాలి. ఆ హాల్లో ఒక్క సంగతి మాత్రం ఆమెకి ధైర్యంగా ఉంది. ఎవరేమన్నా బాబాయ్ చెయ్యి లేస్తుంది. ఆ చెయ్యి వెనక దాక్కోవచ్చు. వచ్చే ఏడాది దాకా, ఆ పై ఏడాది దాకా కూడా వాయిదా వేసుకోవచ్చు.

"నిన్న ఆగిపోయిన సంగతి," అంది బావులక్క. "ఈ అమ్మాయికి సెలవివ్వడానికి అందరి మనసూ ఒప్పిందా?"

తలలు ఊగాయి. అందరి కళ్ళూ వెనక కుర్చీ వైపు తిరిగాయి. వంతెనలన్న ముందుగానే మూలగడానికి సిద్ధమయ్యాడు.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "నాకు మనసొప్పిందమ్మా."

వంతెనలన్న తుమ్మబోయి ఆగిపోయాడు. బావులక్క కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "బాబాయ్, ఒంట్లో బానే ఉందా?"

"బానే ఉంది. నిన్న ఆ అమ్మాయి దగ్గర ఉన్నది ఒక్క దారే. ఇవాళ రెండున్నాయి, వెళ్ళొచ్చు, ఉండొచ్చు. ఇక నేను అడ్డం నిలబడితే అది మూర్ఖత్వం అవుతుంది."

దాక్కుందామనుకున్న గోడ కాస్తా పక్కకి తప్పుకుంది. ఎంత దిగులేసిందో ఆ క్షణాన! ఖాళీ కుర్చీలు, చెమ్మ గోడలు, కిటికీ మీద వాన. అందరూ పాట కోసం ఊపిరి తీసుకుంటున్నారు. ఇంకొక్క క్షణం ఊరుకుంటే సాగనంపేస్తారు. చల్లారని టీ కప్పులు అక్కడే ఉన్నాయి.

చెయ్యి లేచింది. అది తన చెయ్యేనని ఆమెకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"నాకింకా మనసొప్పలేదు," అంది.

"దేనికి?" అంది బావులక్క అయోమయంగా.

"నేను వెళ్ళడానికి. ఇంకా చాలా రాళ్ళున్నాయి అక్కా. వాటి కింద ఉన్నవాళ్ళూ ఏదో ఒకటి అనే ఉంటారు కదా రోజూ! అవి ఎవరైనా గుర్తు పెట్టుకున్నారేమో ఇంటింటికీ వెళ్ళి అడగాలి."

వంతెనలన్న ఇక ఆపుకోలేక గట్టిగా తుమ్మాడు. హాలంతా గొల్లున నవ్వింది. బావులక్క మాత్రం మొహం గంభీరంగా పెట్టింది. "ఇదిగో చూడండి. పంపించడానికి బాబాయ్ మనసొప్పింది. వెళ్ళడానికి ఈ అమ్మాయి మనసొప్పలేదు. ఇద్దరికీ పొసగలేదు. కట్టుబాటు ఏమిటి?"

అందరూ వంటింటి వైపు చూశారు.

పాట మాత్రం పాడారు. సాగనంపే పాట కాదు, ఉండిపోయే పాట. అన్ని చరణాలూ పాడారు. మూడో చరణం దగ్గర వంతెనలన్న జలుబు గొంతు భూమి అడుగునుంచి వచ్చినట్టు వచ్చింది. బాబాయ్ ఆ చరణం పాడలేదు, కళ్ళు మూసుకుని విన్నాడు.

భోజనాలయ్యాక మళ్ళీ అదే తొట్టి. ఈసారి వంటావిడ ఆమెకి కూడా ఒక ఏప్రను తీసిపెట్టింది. బాబాయ్ నీళ్ళు వదిలాడు. ఆమె తువాలు భుజాన వేసుకుంది.

"నత్తల బాబాయ్," అని పిలిచింది.

ఆయన చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. ఎంతకాలమైందో ఆ పేరు విని.

"అభ్యంతరమా?" అంది భయంభయంగా.

ఆయన ఆలోచించాడు. ఆయన దేనికైనా తీసుకునేంత సమయం దీనికీ తీసుకున్నాడు. తరవాత సబ్బు చేత్తోనే కిటికీ వైపు చూపించాడు. బయట గోడ మీద తడి మెరుస్తోంది.

"ఈ రెండ్రోజులూ మీరందరూ వానని ఒకటే తిట్టుకున్నారు కదా? నత్త బయటికి రావాలంటే ఇలాంటి ముసురే కావాలమ్మా. ఎండ కాస్తే మూతి మూసేసుకుని పడుంటుంది. చచ్చిపోయిందేమో అనుకుంటాం. ఒకసారి నేను..."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు మొదట బొంగురుగా వచ్చింది, పోనుపోను సర్దుకుంది. కడగాల్సిన గిన్నెలు మరీ ఎక్కువ లేవు. సమాధులమ్మాయి తుడిచేసిన పళ్ళేన్ని తీసి మళ్ళీ మొదటినుంచి తుడవసాగింది.